కంట్లో చెయ్యి పెట్టేది ఎవరో ఊరికి తెలియాలి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,



జిల్లా అంధత్వ నివారణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఏడాదిలో శుక్లాల ఆపరేషన్లు ఎన్ని జరిగాయి, బడిపిల్లలకు కళ్ళజోళ్ళు ఎన్ని ఇచ్చారు అనే లెక్కలు మీ బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఆ లెక్కల్లోకి రాని సంగతి ఒకటుంది. తుమ్మలపెంట నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం వారనున్న పట్టపుపాళేల్లో, వాటి వెనకనున్న వరిచేల ఊళ్ళలో, రొయ్యల గుంటల నడుమనున్న యానాదుల కాలనీల్లో మనిషికి కంట్లో ఏదన్నా పడితే మొట్టమొదట ఎవరి దగ్గరికి పోతున్నాడు? ఆ చూసే మనిషి ఏం చదివాడు? ఎంతవరకు చూడొచ్చు, ఎక్కడ ఆపి పైకి పంపాలి? ఇది ఏ గోడమీదా రాసి లేదు. నా మనవి అంతా దీని గురించే.

నేను ఈ తీరంలోని ప్రభుత్వాసుపత్రుల్లో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం చేసి రిటైరయిన వాణ్ణి. డాక్టర్ని కాను. టార్చిలైటు, గోడకు తగిలించే అక్షరాల పట్టిక, కంటి ఒత్తిడి కొలిచే చిన్న పరికరం, ఇవే నా పనిముట్లు. అయినా పాళేల్లో నన్ను అందరూ కళ్ళ డాక్టరనే పిలిచేవారు. కాదమ్మా, నేను పరీక్ష చేసి పంపేవాణ్ణి మాత్రమే అని చెప్పినా వినిపించుకునేవారు కారు. వాళ్ళకు ఆ తేడా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు మరి.

తేడా చాలానే ఉంది. ఎంబీబీఎస్ అయ్యాక కంటి వైద్యంలో ఎమ్మెస్సో, డీఎన్బీయో, డిప్లొమానో చేసినవారే కంటి డాక్టరు. కంటికి కత్తి పెట్టడం వారు నేర్చుకున్న పని. నాలుగేళ్ళ డిగ్రీ చదివిన ఆప్టోమెట్రిస్టు చూపు కొలుస్తారు, అద్దాల నంబరు రాస్తారు, జబ్బును పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపుతారు. రెండేళ్ళ డిప్లొమా చేసిన నాలాంటి వాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంటారు. కళ్ళజోళ్ళ షాపులో కంప్యూటర్ మిషను దగ్గర కూర్చున్న కుర్రాడు ఏమీ చదివి ఉండకపోవచ్చు. ఆ తర్వాత ఆర్ఎంపీ, మందుల షాపాయన, కంట్లో నలుసు తీసే అవ్వ. వీళ్ళందరి దగ్గరికీ జనం ఒకే నమ్మకంతో పోతున్నారు.

ఆర్ఎంపీలను తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. ఈ జిల్లాలో వాళ్ళ వెనక పెద్ద చరిత్రే ఉంది. విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, ఎందరో యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పి పల్లెలకు పంపారు. రోడ్డు లేని ఊళ్ళలో అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చింది అలాంటి వాళ్ళే. అయితే జ్వరానికీ విరేచనాలకూ పనికొచ్చే చదువు నల్లగుడ్డు మీద పడిన గీతకు చాలదు. కన్ను ఓర్పు లేని అవయవం. అక్కడ మూడు రోజుల ఆలస్యం జీవితాంతం మిగిలిపోతుంది.

ఎలాగో ఒక సంగతి చెబుతాను. మన పెన్నా డెల్టాలో వరికోతలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో. కోత మిషను పోయాక రాలిన వెన్నులు ఏరడానికి, కల్లంలో వడ్లు తూర్పారపట్టడానికి ఇప్పటికీ ఆడవాళ్ళే పోతారు. అలా పోయిన ఒకామె కంట్లో ఊక పడింది. ఊళ్ళో అవ్వ నాలుక కొసతో దాన్ని తీసేసింది. మంట తగ్గలేదు. పక్కింటి బాలింత చనుబాలు పిండింది. మర్నాడు ఆముదం. ఆ తర్వాత మందుల షాపులో ఎర్రకంటికి వేసే చుక్కలు అడిగితే ఒక సీసా ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు విరిగింది. నొప్పి మాత్రం రాత్రిళ్ళు ఎక్కువైంది. వారం దాటాక, తలమీద కొంగు కప్పుకుని, వెలుతురు చూడలేక నా దగ్గరికి వచ్చింది.

ఆ సీసా ఆమె రవిక ముడిలోనే ఉంది. దానిమీద ఉన్న పేరు స్టెరాయిడ్ కలిసిన మందుది. టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు మధ్య బూడిదరంగు మచ్చ, దాని అంచులు ఈకల్లా చీలి ఉన్నాయి. పక్కనే రెండు చిన్న మచ్చలు. కింది భాగంలో తెల్లగా సన్నటి గీత కట్టింది, అది చీము. పసుపు రంగు అద్దిన చిన్న కాగితప్పట్టీ ఉంటుంది, దాన్ని తడిపి రెప్ప లోపల తాకించి నీలం వెలుగు వేస్తే, పొర ఊడినంతమేరా పచ్చగా మెరుస్తుంది. ఆమె కంట్లో బఠాణీ గింజంత జాగా మెరిసింది.

"ఎరుపు తగ్గిందే నాయనా, మందు పని చేసినట్టే గదా?" అనడిగింది. సమాధానం చెప్పడం కష్టమైంది. కంట్లోకి చొరబడ్డ బూజుతో కన్ను చేసే పోరాటం వల్లే ఆ ఎరుపు వస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు ఆ పోరాటాన్ని ఆపేస్తాయి. పైకి కన్ను తేటపడుతుంది, లోపల బూజు అడ్డు లేకుండా పెరుగుతుంది. మన దక్షిణాదిలో నల్లగుడ్డు పుండ్లలో చాలా వాటికి మూలం ఈ బూజే. వరి ఆకు కొన, ఊక, చెరుకాకు, పశువు తోక, మట్టి, ఇవన్నీ దాన్ని మోసుకొచ్చేవే.

ఆమెను అదే రోజు నెల్లూరు పంపాం. డాక్టరు గారు పుండు మీంచి గీకి తీసి సూక్ష్మదర్శినిలో చూసి బూజని తేల్చి, నాటామైసిన్ చుక్కలు గంట గంటకూ వెయ్యమన్నారు. ఈ మందు పాతదే. మదురై, కోయంబత్తూరు, పుదుచ్చేరి అరవింద్ ఆసుపత్రుల్లో దీన్నీ, ఖరీదైన కొత్త మందు వోరికొనజోల్‌నూ పోల్చి చూసిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పాత మందే మేలని తేలింది. ఆమెకు కన్ను దక్కింది. చూపు మాత్రం దక్కలేదు, నల్లగుడ్డు మీద పువ్వు మిగిలింది. మొదటి రోజే వచ్చి ఉంటే ఏమయ్యేది?

ఇదే ప్రశ్న నేపాల్‌లో భక్తపూర్ జిల్లాలో డాక్టర్లు వేసుకున్నారు. ఊళ్ళో వాలంటీర్లకు ఆ పసుపు కాగితం, నీలం లైటు వాడటం నేర్పారు. కన్ను గీరుకున్న వారికి వెంటనే మామూలు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు వేయించారు. 2001లో వచ్చిన ఫలితాల ప్రకారం అలా మందు వేసిన వారిలో 96 శాతం మందికి పుండు పడకుండానే మానింది. 18 గంటల లోపల మందు మొదలైన వారిలో ఒక్కరికీ పుండు పడలేదు. తర్వాత నేపాల్‌లోనే జరిగిన పెద్ద ప్రయోగంలో ఇంత స్పష్టమైన తేడా కనిపించలేదన్న సంగతీ మీకు చెప్పాలి. కాబట్టి ఆయింట్‌మెంటు ఒక్కటే చాలని నేను అనను. మొదటి రోజే చూసి గుర్తుపట్టే మనిషి ఊళ్ళో ఉంటే, స్టెరాయిడ్ సీసా ఆ కంటిదాకా పోదు. నేను గట్టిగా చెప్పగలిగింది ఇంతవరకే.

ఆ సీసాల సంగతి ఇంకా ఉంది. మన ఎండలకు, దుమ్ముకు చిన్నపిల్లలకు ఎలర్జీ వచ్చి కళ్ళు నలుపుకుంటారు. తల్లులు పోయినేడు డాక్టరు రాసిన చీటీనే మళ్ళీ మళ్ళీ చూపించి చుక్కలు కొంటారు. నెలల తరబడి స్టెరాయిడ్ పడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, చిన్న వయసులోనే శుక్లం వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు ఏ ఆపరేషనూ తిరిగి తెచ్చిపెట్టదు. 2023 వానల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక పాకినప్పుడు ఇవే చుక్కలు చేతులు మారడం చూశాను. కళ్ళకలక చాలావరకు వైరస్ వల్ల వచ్చి దానంతటదే తగ్గేది. చేతులు కడుక్కోవడం, తువ్వాలు వేరుగా పెట్టుకోవడం, చూపు మసకబారితే డాక్టరుకు చూపించుకోవడం, ఇంతే చెయ్యాల్సింది. స్టెరాయిడ్ చుక్కలు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం చెబుతూనే ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ ఒక్క మందు మీద ఒక్క సీజను కన్నేస్తే చాలు.

కంట్లో వేసే చుక్కల గురించి ఈ జిల్లా ఒకసారి దేశం మొత్తం చూస్తుండగా పాఠం నేర్చుకుంది. 2021 మే నెలలో కరోనాకు పంచుతున్న నాటుమందుల కోసం కృష్ణపట్నానికి వేలమంది వచ్చారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం వాటిలో కొన్ని మందుల పంపిణీకి అనుమతిస్తూ, కంట్లో వేసే మందును ఆపింది. ఆ జాగ్రత్త సరైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నోట్లో పడినదాన్ని కడుపు ఎంతో కొంత సంభాళించుకుంటుంది. కంటికి ఆ బలం లేదు. అందుకే కంటి చుక్కలు క్రిమిరహితంగా తయారై సీలుతో రావాలి, సీసా మూత తీసిన నెలలోపల పారెయ్యాలి. ప్రాణభయంతో ఊపిరాడక వచ్చినవాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అంత కష్టంలోనూ కంటి మందును వేరుగా చూసిన ప్రభుత్వం, మామూలు రోజుల్లో పాళెంలో అమ్ముడయ్యే చుక్కలను కూడా అలాగే చూడాలి.

రొయ్యల గుంటల దగ్గర ప్రమాదం ఇంకో రకం. గుంట తయారు చేసేటప్పుడు సున్నం, బ్లీచింగు చల్లేది కూలీలు. ముఖానికి గుడ్డ తప్ప ఏమీ ఉండదు. గాలి సముద్రం మీంచి తిరిగిందంటే ఆ పొడి కళ్ళల్లోకే. సున్నం ఆమ్లం కంటే ప్రమాదం, పొరను కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. అక్కడికక్కడే అరగంటసేపు మంచినీళ్ళు పోసి కడగాలి, రెప్పలు తిప్పి లోపల ఇరుక్కున్న ముక్కలు తియ్యాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి బండెక్కాలి. చాలామంది కడగకుండా ముందు బండెక్కుతారు. ప్రతి గుంట గట్టున ఒక డ్రమ్ము మంచినీళ్ళు, కూలీలకు ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఉండాలని మత్స్యశాఖ వారితో ఒక్కమాట చెప్పించండి. ఖర్చు రైతుకు పెద్దది కాదు.

ఇక శుక్లాలు. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించి చేసిన సర్వేలో, గుడ్డితనంలో 44 శాతానికి శుక్లం, 16 శాతానికి సరైన కళ్ళజోడు లేకపోవడం కారణమని తేలింది. ఈ పాతికేళ్ళలో చాలా మారింది. క్యాంపులు పెట్టి బస్సుల్లో తీసుకుపోయి ఆపరేషన్ చేసి తీసుకొచ్చి దింపుతున్నారు. ఆ సంస్థలకు చేతులెత్తి మొక్కుతాను. అయినా పాళేల్లో "ఇంకా పండలేదులే, ముదరనీ" అనే మాట పోలేదు. లోపలి కటకం మార్చే పద్ధతి వచ్చాక పండేదాకా ఆగాల్సిన పనే లేదు. ఆగితే శుక్లం పగిలి కంటి ఒత్తిడి పెరిగి, తలపోటు, వాంతులతో కన్నే పోవచ్చు. ఆపరేషనయి వచ్చిన మూడోనాడో నాలుగోనాడో కన్ను ఎర్రబడి నొప్పెడితే అది క్షణం ఆగకూడని విషయం. ఆ మాట చెప్పేవాళ్ళు క్యాంపు బస్సు వెళ్ళిపోయాక ఊళ్ళో ఎవరున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పెద్దలు మనవాళ్ళే. తమిళనాట తెలుగు మాట్లాడే కుటుంబంలో 1918లో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామికి సైన్యంలో డాక్టరుగా ఉండగా కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు పోయాయి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టుకోవడం నేర్చుకుని కంటి సర్జన్ అయ్యారు. ఉద్యోగ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ మొదలుపెట్టారు. పల్లెల్లో పెద్ద చదువు లేని ఆడపిల్లలను తీసుకొచ్చి తర్ఫీదు ఇచ్చి, ఆపరేషన్ తప్ప మిగతా పనుల్లో చాలా వాళ్ళచేతే చేయించారు. 1992లో ఆరోల్యాబ్ పెట్టాక కటకాల ధర సామాన్యుడికి అందింది. కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు, అమెరికా ఉద్యోగం వదిలి వచ్చి, సినీ దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారి విరాళంతో 1987లో హైదరాబాద్‌లో ఆ పేరుతోనే కంటి ఆసుపత్రి తెరిచారు. ఆయన మెట్లుమెట్లుగా వేసిన కంటి వైద్య పథకంలో నాకు బాగా నచ్చింది అట్టడుగు మెట్టు. యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, అందులో ఆ చుట్టుపక్కల ఊరి పిల్లో పిల్లాడో ఏడాది శిక్షణ పొంది కూర్చుంటారు. వాళ్ళు డాక్టర్లమని చెప్పుకోరు. ఏం చూడొచ్చో, ఏది పంపెయ్యాలో వాళ్ళకు తెలుసు, వచ్చేవాళ్ళకూ తెలుసు.

మన తాతలు కంటికోసం మద్రాసు రైలెక్కి, 1819 నుంచీ ఉన్న ఎగ్మూరు కంటాసుపత్రికి పోయేవారు. తర్వాతి తరం శంకర నేత్రాలయకు పోయింది. 2019లో తిరుపతికి అరవింద్ వచ్చింది. నెల్లూరులోనే మంచి సర్జన్లున్నారు. పెద్దాసుపత్రులకు కొదవ లేదు. పాళెం గడప నుంచి వాటిదాకా దారి చూపే మొదటి మనిషే లేడు.

ఆ మొదటి మనిషి చెయ్యగల చిన్న పని ఒకటి చెబుతాను. వల బాగుచేసే మత్స్యకారుడికి నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. ఇసకలో కూర్చుని, వలను కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టుకుని, చిరిగిన కన్నును ముఖానికి ఎంత దూరం జరిపినా ముడి పడదు. కొడుకును పిలుస్తాడు. కొడుకు వేటకు పోయి ఉంటే వల అలాగే ఉంటుంది. వందో రెండొందలో పెడితే వచ్చే చత్వారం అద్దాలు పెట్టగానే ముడి కనిపిస్తుంది. అస్సాం టీతోటల్లో నలభై దాటిన కూలీలకు ఇలాంటి అద్దాలే ఇచ్చి చూస్తే, వాళ్ళు కోసే ఆకు అద్దాలు లేనివారికంటే దాదాపు 22 శాతం పెరిగిందని 2018లో తేలింది. జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు రేవుల్లో వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. పరీక్షలకు అంతకంటే మంచి సమయం దొరకదు. ఎండకు, ఉప్పుగాలికి కంట్లో కండ పెరిగినవాళ్ళు కూడా అప్పుడే బయటపడతారు. ఆ కండ నల్లగుడ్డు మీదికి పాకితే కోసి, అదే కంటి పొరను తెచ్చి అతికిస్తారు. ఊరికే కోసేస్తే మళ్ళీ పెరుగుతుంది. షుగరున్న వాళ్ళకు ఏడాదికోసారి చుక్కలు వేసి కంటి వెనక భాగం చూడాలనే మాట కూడా అక్కడే చెప్పొచ్చు.

మీరు చేయించగలవాటిలో మొదటిది బోర్డు. డాక్టర్లు తమ రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ చీటీ మీదా రాయాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. ఆప్టోమెట్రిస్టుల వంటి వారికీ 2021లో కేంద్ర చట్టం వచ్చింది. కాబట్టి ఇది కొత్త నిబంధన కాదు. తీర మండలాల్లో కన్ను చూసే ప్రతిచోటా, ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, క్యాంపు టెంటైనా, చూసేవారి పేరు, చదువు, నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. కింద ఒక వరుస చేర్చండి: నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏదున్నా ఈ రోజే నెల్లూరు పోవాలి, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి.

దృష్టి కేంద్రాలు ఉన్నచోట వాటితో మాట్లాడి, లేనిచోట విలేజ్ క్లినిక్‌లో ఉన్న నర్సమ్మలకు తర్ఫీదు ఇప్పించండి. పసుపు కాగితం, నీలం లైటు, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు, ఫోనులో కంటి ఫొటో చూసి జవాబు చెప్పే ఒక డాక్టరు ఉంటే చాలు. నలుసు తీసే అవ్వలను కూడా పిలిపించి కూర్చోబెట్టండి. వాళ్ళను ఊరు నమ్ముతుంది. నాలుకతో తియ్యొద్దు, మంచినీళ్ళతో కడిగి ఇక్కడికి పంపండి అని వాళ్ళకు చెబితే, వాళ్ళ నోటినుంచే ఊరంతటికీ చేరుతుంది.

ఇవేవీ రాజధానికి ఫైలు పంపాల్సిన పనులు కావు. మీ సంతకంతో, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ, మత్స్యశాఖ, ఔషధ నియంత్రణ శాఖ అధికారులను ఒక గదిలో కూర్చోబెడితే మొదలవుతాయి. బోర్డులు రాసేందుకు, తర్ఫీదు ఇచ్చేందుకు నాలాంటి రిటైరయినవాళ్ళం కూలి అడగకుండా వస్తాం. పిలవండి. మార్చిలో కోత మిషన్లు చేలల్లోకి దిగకముందే మొదటి బోర్డు విడవలూరు మండలంలో పెట్టించండి.

ఇట్లు,
నెల్లూరు తీరంలో కంటి పరీక్షలు చేసి రిటైరయిన ఒక ఉద్యోగి